నిత్యవర్షుడి స్నానపీఠం

జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు అని ఒక పల్లె ఉంది. దానికి దగ్గర్లోనే ఇంకో ఊరు, పేరు దేవగుడి. ఒకటి దేవతల పేరున, ఇంకొకటి దానవుల పేరున. ఈ పంపకం ఎవరు చేశారోగానీ, 1903లో పురావస్తు శాఖ వాళ్లు వచ్చి పలుగూ పారా పట్టాక లెక్క తారుమారైంది. దానవుల ఊళ్లోనే దేవుడు బయటపడ్డాడు. అదీ మనకు అలవాటైన దేవుడు కాదు. పిలిస్తే పలకడు. మొక్కితే వరమివ్వడు. తిట్టినా కోపగించుకోడు. అలాంటివాడికి స్నానం చేయించడానికి ఒక చక్రవర్తి రాతిపీఠం చేయించి, ఆ సంగతి రాతి మీద చెక్కించిపెట్టాడు. ఆ స్నానం ఎలా పుట్టింది, ఆ పీఠం పెన్న ఒడ్డుకు ఎలా వచ్చింది అన్నదే ఈ కథ.

ముందు ఊరి పేరు తేల్చుకుందాం. ‘పాడు’ అనగానే ఇప్పుడు మనకు చెడిపోయిందనే తోస్తుంది. పాత శాసనాల నాడు పాడు అంటే ఊరే. ఈ కడప జిల్లాలోనే ఎర్రగుడిపాడు ఉంది, మాలేపాడు ఉంది. తెలుగు రాతలో పడిన తొలినాళ్ల శాసనాలు దొరికిన రేనాటి సీమ ఇది. కలమళ్ల శాసనం ఇక్కడిదే. కాబట్టి దానవులపాడు ఒకప్పుడు పచ్చగా బతికిన ఊరే. గుడి కూలి, పూజ ఆగి, ఆ పూజ ఎవరిదో చెప్పేవాళ్లు లేకుండా పోయాక మాటలోని ‘ఊరు’ అరిగిపోయింది, ‘పాడు’ మిగిలింది.

తవ్వకాల నాడు మద్రాసు వైపు పురావస్తు పనులు చూసిన అధికారి అలెగ్జాండర్ రీ. మట్టి తీసేకొద్దీ ఇటుక గుడి కట్టుబడి తేలింది. పాముపడగ నీడన నిటారుగా నిలబడ్డ పార్శ్వనాథుడు తేలాడు. జైన తీర్థంకరుల బొమ్మలు, శాసనాలు, చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన నిసిధి రాళ్లు దొరికాయి. వాటితోపాటే దొరికింది ఆ స్నానపీఠం. దాని మీది రాత సారం ఇది: నిత్యవర్షుడనే రాజు, అర్హంతుడైన శాంతినాథుడి స్నానోత్సవం కోసం, తన కోరికలు నెరవేరాలని ఈ పీఠం చేయించాడు.

నిత్యవర్షుడంటే రాష్ట్రకూట చక్రవర్తి మూడో ఇంద్రుడు. 914 ప్రాంతంలో గద్దెనెక్కాడు. నిత్యవర్షుడన్నది ఆయన బిరుదు, ఎడతెగకుండా కురిసేవాడని. దానాలు కురిపించేవాడని పొగడ్త. ఏడాదిలో సగం రోజులు ఇసుకే పారే పెన్న పక్కన, మబ్బు కనిపిస్తే చాలు పని ఆపి తలెత్తి చూసే సీమలో, ఎడతెగని వాన పేరున్న రాజు ఒక దేవుడి స్నానానికి రాయి వేయించాడు. చరిత్ర అప్పుడప్పుడు ఇలాంటి చమత్కారాలు చేస్తుంది.

అసలు చిక్కు ఆ రాతలోనే ఉంది. జైనుల తీర్థంకరుడు వీతరాగుడు. రాగం, ద్వేషం రెండూ వదిలేసినవాడు. మోక్షం పొంది లోకాగ్రాన ఉన్నాడు. ఆయన కిందికి చూడడు, చెయ్యి చాచడు. మరి ఆయనకు స్నానమెందుకు? కోరికలు లేనివాడి ముందు రాజు తన కోరికలు ఎందుకు చెప్పుకున్నట్టు?

ఈ ప్రశ్న పెన్న ఒడ్డున పుట్టింది కాదు. జైనం పుట్టినప్పటి నుంచీ దాని వెంటే ఉంది. తపస్సు, ఉపవాసం, కర్మను ఎండగట్టడం, ఇదీ ఆ మతం చూపిన దారి. ఆ దారిలో బొమ్మకు, పూలకు, పాటకు పనేముంది? అయినా జనం ఊరుకోలేదు. కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనంలోనే, నందరాజు ఎత్తుకుపోయిన కళింగ జినుడిని తిరిగి తెచ్చుకున్న ముచ్చట ఉంది. రెండు వేల ఏళ్ల కిందట మథురలో మామూలు భక్తులు ఆయాగపటాలనే చదునైన రాతిపలకలు చెక్కించి, నడుమ చిన్న జినుడిని, చుట్టూ మంగళ చిహ్నాలను పెట్టి పూజకు నిలిపారు. మనిషికి కళ్లున్నాయి. ఆ కళ్లకు ఏదో ఒకటి చూపించాలి.

తర్వాత పండితులు జవాబు వెతికారు. సమంతభద్రుడు తన స్తోత్రంలో తేల్చిన మాట సారం ఇది: వీతరాగుడికి పూజతో పని లేదు, నిందతోనూ పని లేదు, అయినా ఆయన గుణాలను తలుచుకుంటే తలుచుకున్నవాడి మనసులో మురికి పోతుంది. అంటే పూజ అటువైపు చేరే ఉత్తరం కాదు. రాసినవాడినే మార్చే రాత. మన శివుడు పొంగిపోతాడు, వెంకన్న వడ్డీతో సహా రాబట్టుకుంటాడు. జినుడి దగ్గర ఇచ్చిపుచ్చుకోవడం లేదు. జరిగేదంతా భక్తుడి వైపే జరగాలి. జైన భక్తికి కళ తోడు రావలసి వచ్చింది సరిగ్గా ఈ మలుపులోనే. దేవుడు కదలనప్పుడు భక్తుడి గుండె కదలాలి. కదిలించే పని ఎవరిది? కవిది, శిల్పిది, ఆటగాడిది.

అలా పుట్టిందే స్నానం కథ. తీర్థంకరుడు పుట్టగానే ఇంద్రుడి సింహాసనం కదులుతుంది. ఆయన ఐరావతమెక్కి వస్తాడు. తల్లిని నిద్రపుచ్చి, పక్కలో మాయబిడ్డను పడుకోబెట్టి, అసలు బిడ్డను మేరు పర్వతం మీదికి తీసుకెళ్తాడు. అక్కడ పాండుకశిల మీద కూర్చోబెట్టి, వెయ్యిన్ని ఎనిమిది కలశాలతో పాలకడలి నీళ్లు పోస్తాడు. పోస్తూ పోస్తూ ఆ బిడ్డను చూస్తాడు. రెండు కళ్లు చాలవు. దాంతో వెయ్యి కళ్లు చేసుకుని చూస్తాడు.

మనకు ఇంద్రుడి వెయ్యి కళ్ల కథ ఒకటి తెలుసు. అహల్య కథ. అక్కడ ఆ కళ్లు గౌతముడి శాపానికి గుర్తు, చేసిన తప్పు ఒళ్లంతా అచ్చుపడిన మచ్చలు. జైన కవి అవే వెయ్యి కళ్లను తీసుకుని సిగ్గును కడిగేశాడు. ఇక్కడ అవి చూసి తనివితీరని వాడి కళ్లు. అందాన్ని చూసి తట్టుకోలేకపోవడం కూడా భక్తే అని చెప్పడానికి దీనికి మించిన బొమ్మ దొరకదు. ఆ తర్వాత ఇంద్రుడు ఊరుకుంటాడా? ఆడతాడు. దగ్గర్లోని ప్రొద్దుటూరు వాళ్లకు తాండవమనగానే అగస్త్యేశ్వరుడి గుడి, పుట్టపర్తి నారాయణాచార్యుల శివతాండవం గుర్తొస్తాయి. మన లెక్కలో ఆడేది దేవుడు, చూసేది మనం. జైన పురాణంలో తాండవమాడేది ఇంద్రుడు, అంటే భక్తుడు. దేవుడు పసిబిడ్డగా ఒళ్లో ఉంటాడు.

ఇక గుళ్లో జరిగేది ఈ కథకు నాటకమే. అభిషేకం చేసే గృహస్థు స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టి, తిలకం దిద్దుకుని, పెద్ద ఉత్సవాల్లో కిరీటం కూడా పెట్టుకుని, ఇప్పుడు నేను ఇంద్రుణ్ణి అనుకుంటాడు. పీఠమే మేరువు. చిన్న జినబింబమే ఆ బిడ్డ. కలశంలో బావినీళ్లే పాలకడలి. మన వీధినాటకంలో ఇంద్రుడి వేషం కట్టినవాడు తెల్లారితే మడక పట్టుకుని చేనికి పోతాడు. కానీ ఆ రాత్రి రంగస్థలం మీద వాడు ఇంద్రుడే, ఎదురుగా కూర్చున్న ఊరికి ఆ సంగతిలో అనుమానం ఉండదు. ఇదీ అంతే.

ఆ స్నానాన్ని దగ్గరగా చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. నీళ్లను ముందే గుడ్డలో వడగడతారు, కంటికి కనిపించని ప్రాణి కూడా చావకూడదని. పోయడం అయ్యాక తెల్లటి మెత్తని గుడ్డతో విగ్రహాన్ని తుడుస్తారు. చెవి వెనక, చంక కింద, పద్మాసనంలో మడిచిన కాళ్ల సందున, వేలి కొసతో గుడ్డను దూర్చి మరీ తుడుస్తారు. చెమ్మ నిలిస్తే అందులో ప్రాణి పుడుతుంది, పుట్టింది చస్తుంది. పోసేటప్పుడు పాలకడలి, తుడిచేటప్పుడు ఒక్క చుక్క మిగలకూడదు. పీఠం మీంచి జారిన నీళ్లను గంధోదకమంటారు. దాన్ని వేలితో తీసుకుని నుదుటికి, కళ్లకు అద్దుకుంటారు. దేవుడి నుంచి భక్తుడికి తిరిగి వచ్చేది ఆ తడి ఒక్కటే.

ఈ నాటకానికి మాటలు సమకూర్చినవాడు జినసేనుడు. మూడో ఇంద్రుడి ముత్తాత అమోఘవర్షుడికి గురువు. ఆయన ఆదిపురాణంలో నీలాంజన కథ ఉంది. మొదటి తీర్థంకరుడు వృషభుడు అప్పటికి ఇంకా రాజుగా ఉన్నాడు. ఆయనకు వైరాగ్యం పుట్టించాలని ఇంద్రుడు నీలాంజన అనే అప్సరసను సభలో ఆడించాడు. ఆమె ఆయుష్షు కొద్ది క్షణాలే మిగిలి ఉంది. ఆడుతూ ఆడుతూ మధ్యలోనే మాయమైపోయింది. ఇంద్రుడు రెప్పపాటులో అలాంటిదాన్నే ఇంకొకతెను నిలబెట్టాడు. తాళం తప్పలేదు. సభలో ఎవరూ పసిగట్టలేదు. వృషభుడు మాత్రం పసిగట్టాడు. లేచి రాజ్యం వదిలేశాడు. అందరికన్నా బాగా ఆట చూసినవాడే అందరికన్నా ముందు విరాగి అయ్యాడని కథ. కళ వైరాగ్యానికి అడ్డమని మనం అనుకుంటాం. జినసేనుడి లెక్కలో సరిగ్గా చూడటం వచ్చినవాడికి అదే తలుపు.

ఇంకో గారడీ కూడా చేశాడాయన. కాళిదాసు మేఘసందేశంలోని పాదాలను తీసుకుని, తన పాదాలతో కలిపి అల్లి, పార్శ్వాభ్యుదయం రాశాడు. అవధానంలో సమస్యాపూరణం చూసినవాళ్లకు ఆ కష్టం తెలుస్తుంది. రాజశేఖర వేంకటశేష కవులు తిరిగిన ప్రొద్దుటూరికి అది వేరే చెప్పక్కర్లేదు. ఒక సమస్యకే చెమటలు పడతాయి, ఈయన కావ్యం మొత్తాన్నీ సమస్యగా తీసుకున్నాడు. ప్రేయసి కోసం యక్షుడు మబ్బుతో చెప్పుకున్న విరహం పార్శ్వనాథుడి తపస్సు కథగా మారిపోయింది. మాట అదే, రసం వేరు.

రసం మాటకొస్తే, భరతుడు మొదట లెక్కపెట్టింది ఎనిమిదే. శాంతాన్ని తొమ్మిదోదిగా నిలబెట్టిన పేరు మనం అభినవగుప్తుడికి ఇస్తాం. ఆయనకు చాలా ముందే జైనుల అనుయోగద్వార సూత్రం తొమ్మిది రసాలు చెప్పింది. చివరిది ప్రశాంతం. మొదటిది శృంగారం కాదు, వీరం. ఆ వీరంలో త్యాగం, తపస్సు కూడా ఉన్నాయి. భయానకానికి చోటివ్వకుండా దాని బదులు లజ్జను చేర్చారు. వీరంతో మొదలై ప్రశాంతంతో ముగిసే ఆ వరుస రసాల పట్టికలా ఉండదు, ఒక మనిషి జీవితంలా ఉంటుంది.

మూడో ఇంద్రుడి జీవితంలో మొదటి రసానికి కొదవలేదు. గద్దెనెక్కిన కొద్ది ఏళ్లకే ఉత్తరాదికి దండెత్తి కనోజును కొట్టాడు. ఆ దండులో వేములవాడ చాళుక్యుడు నరసింహుడు ఉన్నాడు. ఆ నరసింహుడి కొడుకు అరికేసరి ఆస్థానంలోనే పంపకవి కన్నడంలో భారతం రాశాడు. ఇంద్రుడి సొంత కొలువులో నలచంపువు రాసిన త్రివిక్రమభట్టు ఉన్నాడు. అంతటి రాజు పెన్న ఒడ్డున ఏ తీర్థంకరుడి స్నానానికి రాయి వేయించాడు? శాంతినాథుడికి. పదహారో తీర్థంకరుడు. తీర్థంకరుడు కాకముందు ఆయన కూడా చక్రవర్తే. భూమండలాన్ని ఏలి, దాన్ని వదిలేసి పోయినవాడు. పేరులోనే ప్రశాంతం ఉంది.

ఇంకో సంగతి. జైన గుళ్లో అభిషేకం చేసే ప్రతివాడూ కాసేపు ఇంద్రుడి వేషం కడతాడు. ఈ రాజుకు ఆ వేషం కట్టాల్సిన పని లేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరే ఇంద్రుడు. నాటకంలో పాత్ర, చూడబోతే సొంత పేరే అయిన సందర్భం దానవులపాడు పీఠం దగ్గర కనిపిస్తుంది. అయితే కథలోని ఇంద్రుడు బిడ్డను చూసి మురిసి ఆడాడు, ఏమీ అడగలేదు. పెన్న ఒడ్డు ఇంద్రుడు అడిగాడు. తన కోరికలు నెరవేరాలని రాతిలో రాయించుకున్నాడు. శాస్త్రం చదివిన ముని ఎవరైనా పక్కన ఉంటే చిన్నగా నవ్వుకుని ఉంటాడు. కానీ చెరిపించలేదు. భక్తి పుట్టేది కోరిక నుంచే, తీసుకెళ్లాల్సింది కోరిక లేనిచోటికని ఆ మతానికి తెలుసు. మొదటి మెట్టు మీద నిలబడ్డవాణ్ణి తోసెయ్యకూడదనీ తెలుసు.

ఇక పడగ నీడన నిలబడ్డ ఆ పార్శ్వనాథుడి సంగతి. ఆయన తపస్సులో ఉండగా పాత జన్మల పగవాడు కమఠుడు మీద పడ్డాడు. కుండపోత వాన కురిపించాడు. నీళ్లు ముక్కు దాకా వచ్చాయి. నాగరాజు ధరణేంద్రుడు వచ్చి పడగ పట్టాడు. పార్శ్వనాథుడు కళ్లు తెరవలేదు. ముంచాలని చూసినవాడి మీద కోపం లేదు, గొడుగు పట్టినవాడి మీద మమకారం లేదు. ఇప్పుడు ఒకే దిబ్బలో బయటపడ్డ ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పగవాడు పోసిన వాన ఒకటి, నిత్యవర్షుడనే రాజు పోయించిన స్నానం ఒకటి. వీతరాగుడి ఒంటి మీద రెండూ నీళ్లే. తేడా పోసిన చేతిలో ఉంది.

దానవులపాడు గుడికి రాజు ఒక్కడే రాలేదు. శ్రీవిజయుడనే దండనాయకుడు ఈ ఇంద్రుడి దగ్గరే పనిచేశాడు. ఆయన్ను పొగిడే శాసన స్తంభం ఇక్కడ దొరికింది. కత్తి పట్టినవాడే, అయినా ఆయన బిరుదుల్లో ఒకటి అనుపమకవి. చివరికి అన్నీ వదిలి సన్యసించాడని ఆ రాయి చెబుతుంది. చుట్టూ ఉన్న నిసిధి రాళ్లు ఇలా వదిలిపోయినవాళ్లవే. ఒకపక్క స్నానపీఠం, ఒకపక్క నిసిధి. పుట్టుక పండగ ఒకచోట, సిద్ధపడి చావును పిలుచుకున్న గుర్తు ఒకచోట. రెండింటి మధ్య దూరం గుడి ఆవరణంతే.

ఇదే శతాబ్దంలో, 945 ప్రాంతంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ వైపు కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద తీర్థంకరులను, చక్రేశ్వరీదేవిని చెక్కించాడు. అక్కడి శాసనంలో సంస్కృతం, కన్నడంతోపాటు తెలుగు కంద పద్యాలు కూడా ఉన్నాయి. నన్నయకు వంద ఏళ్ల ముందటి కందాలు. జినగుళ్లు ఎత్తించడంలో, పూజల్లో, మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభుడికి సాటి ఎవరని వాటిలో ఒకదాని భావం. తెలుగు కందం రాతికెక్కిన తొలి తావుల్లో ఒకటి జైనుడి పూజ దగ్గరే ఉండటం మనం అంతగా తలుచుకోని సంగతి.

పెన్న ఒడ్డు పీఠం వేసిన అరవై ఏళ్లకు, 981 ప్రాంతంలో, శ్రవణబెళగొళ కొండ మీద చావుండరాయుడు గోమటేశ్వరుణ్ణి నిలిపాడు. అక్కడి తొలి స్నానం గురించి జనం చెప్పుకునే కథ ఒకటుంది. చావుండరాయుడు కుండలకు కుండలు పాలు పోయించినా ధార తొడలు దాటి దిగలేదట. ఒక ముసలమ్మ చిన్న కాయ డిప్పలో పాలు తెచ్చి పోస్తే పాదాల దాకా పారి కొండ కిందికి దిగిందట. గుళ్లకాయజ్జి అని ఆమె బొమ్మను అక్కడే నిలిపారు. ఇప్పటికీ పన్నెండేళ్లకోసారి మహామస్తకాభిషేకం జరుగుతుంది, 2018లో జరిగింది. బరువెంత, కొలతెంత అన్నది పోసేవాడి గొప్ప, దేవుడి అవసరం కాదని ఆ డిప్ప చెప్పినంత సూటిగా ఏ శాస్త్రమూ చెప్పలేదు.

కుండ పెద్దదైతేనే భక్తి అనుకునే గుణం మనలో ఇప్పటికీ ఉంది. దసరాకు ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో రోజుకో అలంకారం చూడటానికి చుట్టుపక్కల ఊళ్లు కదిలి వస్తాయి.  బంగారం అంగళ్ల ఊరికి తగ్గ భక్తి అది, కళ్లపండగ. జైనుల్లోనూ శ్వేతాంబరులు విగ్రహానికి ఆంగీ తొడుగుతారు, నగలు పెడతారు. దానవులపాడు దిగంబరుల చోటు. అక్కడ కంటికి దొరికేది రాయి, దాని మీద జారే నీళ్ల మెరుపు, ఆరిపోయాక మళ్లీ రాయి. ఆ కాసేపటి మెరుపే అలంకారం. దాన్ని చూడగలిగితే చాలనే, వెయ్యి కళ్ల కథ పుట్టింది.

రాష్ట్రకూటుల కథ ముగిసిన తీరు కూడా ఈ స్నానం కథకు అతికినట్టే ఉంటుంది. రాజ్యం చేజారాక ఆ వంశంలో మిగిలిన చివరివాడు శ్రవణబెళగొళ చేరాడు. 982లో అన్నపానాలు మానేసి, సల్లేఖన వ్రతంలో ప్రాణం వదిలాడు. ఆయన పేరూ ఇంద్రుడే, నాలుగో ఇంద్రుడు. ఒక ఇంద్రుడు కోరికలు నెరవేరాలని నీళ్లు పోయించాడు. ఇంకో ఇంద్రుడు గుక్కెడు నీళ్లు కూడా వద్దన్నాడు. మధ్య డెబ్బై ఏళ్లు కూడా లేవు.

తవ్వకాల్లో దొరికిన శిల్పాలు కొన్ని మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. నిత్యవర్షుడు కోరిన కోరికలేమిటో పీఠం చెప్పదు. గెలుపో, కొడుకో, ఇంకేదో. దేవుడికి చెబుతున్నానని చెక్కించాడు, విన్నది మనం. ఆ దేవుడి దగ్గర వినడం అనేది లేదు కాబట్టి ఎవరైనా వినడానికి వెయ్యేళ్లు పట్టింది.